వెనక గదికి వైఫై: ఒక్క తీగ సంగతి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. "ఇంట్లో నెట్టు ఉంది, వెనక గదిలోకి రాదు. ఏం చెయ్యాలో మనవాళ్ళకి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. సర్వీసంతా టెలిఫోను తీగలతో గడిపినవాణ్ణి కాబట్టి తీగ మాట వస్తే నన్ను పిలవడం మామూలే.

ఇది పిల్లల సరదా వ్యవహారం కదా అనుకోకండి. మన ఇళ్ళల్లో వెనక గదిలో ఉండేదెవరో ఒకసారి ఆలోచించండి. ముందు గది వచ్చేపోయే వాళ్ళకి. హాలు టీవీకి. మేడ మీది గది కొడుకూ కోడలికి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి, బాత్రూము దగ్గరగా ఉంటుందని, వెనక గది. ఫైబరు తీగ తెచ్చే కుర్రాడు మాత్రం వీధి గుమ్మం పక్కనే డబ్బా బిగించి వెళ్ళిపోతాడు. అంటే ఇంట్లో నెట్టు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే దానికి అందరికంటే దూరంగా ఉన్నారన్నమాట.

అవసరం ఏమిటంటారా? జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014 నవంబరు 10న మొదలైంది. మొదట్లో వేలిముద్ర ఉండేది. వేళ్ళ గీతలు అరిగిపోయిన మనబోటి వాళ్ళు ఆ యంత్రం ముందు ఎన్నిసార్లు వేలు తుడుచుకున్నామో అందరికీ తెలుసు. 2021 నవంబరు నుంచి సెల్‌ఫోను ముందు ముఖం చూపిస్తే లైఫ్ సర్టిఫికెట్టు వెళ్ళే సదుపాయం వచ్చింది. కేంద్ర పెన్షనర్లకు అది నవంబరు నెల పని. ఎనభై దాటినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. దీనికి పెద్ద వేగం అక్కరలేదు గాని మధ్యలో తెగకూడదు. మంచం దిగలేని మనిషిని నెట్టు కోసం వీధి గదిలోకి మోసుకురావడం నేను చూశాను. ఇక హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న మనవలతో వీడియోలో మాట్లాడటం, డాక్టరుకి రిపోర్టులు చూపించి సలహా తీసుకోవడం, ఇవన్నీ కూడా ఆ గదిలో నుంచే జరగాలి.

సరే, ఇబ్బంది తెలిశాక పిల్లలు ఏం చేస్తున్నారు? మెష్ అనే సరుకు కొని పంపుతున్నారు. ఒక పెట్టెలో రెండో మూడో తెల్లని డబ్బాలుంటాయి. ఒకటి వీధి గదిలో, ఒకటి హాల్లో, ఒకటి వెనక గదిలో పెట్టి కరెంటు ఇస్తే చాలు, మూడూ కలిసి ఒకే పేరుతో ఇల్లంతా వైఫై ఇస్తాయి అని పెట్టె మీద రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. కాని అందులో సగం విషయమే ఉంది. మిగతా సగం చెప్పడానికే నేను లేచాను.

శ్రీకాకుళం వెళ్ళే రైలు ప్రయాణికుల్ని చూడండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంది. మెయిలు బండి ఎంత వేగంగా వచ్చి మిమ్మల్ని అక్కడ దింపినా, అక్కణ్ణించి ఊళ్ళోకి రావాలంటే బస్సో ఆటోనో ఎక్కాలి. ఆ రోడ్డు మీద బండ్లు నిలిచిపోతే రైలు వేగం మీకు ఏం ఉపయోగపడింది? (విజయనగరం వారికి ఆ బాధ లేదు, స్టేషను ఊళ్ళోనే ఉంది. నవ్వకండి, వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఇదే కథ.) మెష్‌లో ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మధ్య ఉన్న దారి అచ్చం ఆ రోడ్డు లాంటిది. దాన్ని బ్యాక్‌హాల్ అంటారు. మీ సెల్‌ఫోను మాట్లాడేది పక్కనున్న డబ్బాతో. ఆ డబ్బా మీ మాటను వీధి గదిలోని డబ్బాకి చేరవెయ్యాలి. తీగ లేకపోతే అది కూడా గాలిలోనే, ఆ గోడల గుండానే వెళ్ళాలి.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. వెనక గదిలో ఫోను చూస్తే గీతలన్నీ నిండుగా ఉంటాయి. వీడియో మాత్రం బొమ్మ ఆగి, మనవరాలి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది. "సిగ్నలు ఫుల్లుగా ఉంది, కంపెనీ వాడిదే తప్పు" అని ఫోను చేసి గొడవపడతారు. ఆ గీతలు చెప్పేది మీ ఫోనుకీ ఆ గదిలో డబ్బాకీ మధ్య సంగతి మాత్రమే. వెనకాల దారి ఎలా ఉందో అవి చెప్పవు. స్టేషను బయట ఆటో కనబడింది కదా అని రోడ్డు ఖాళీగా ఉందనుకోవడం లాంటిది.

గాలి దారి ఎందుకు సన్నగిల్లుతుందో రెండు మాటల్లో చెబుతాను. వైఫై ముఖ్యంగా రెండు తరంగాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడల్ని కొంత దాటుతుంది గాని వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు వాళ్ళందరిదీ అదే. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఉంది గాని గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. మన రెండు జిల్లాల్లో పాత ఇళ్ళు వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వీధి గది, నడిమి గది, వంటిల్లు, ఖాళీ వాకిలి, ఆ తరవాత వెనక గది. గోడలు ఒక్కొక్కటి మోచెయ్యంత మందం. మధ్యలో ఇనప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్జి. కొత్త ఇళ్ళల్లో గోడ పలచనే గాని స్లాబులో ఇనప ఊచలుంటాయి. తరంగానికి ఇవన్నీ అడ్డాలే. దీనికి తోడు, తక్కువ ఖరీదు డబ్బాలు ఒకే రేడియోతో అటు ఫోనుతోనూ ఇటు పెద్ద డబ్బాతోనూ మాట్లాడతాయి. ఒకే నోటితో విని చెప్పాలి గనక వేగం సుమారు సగానికి పడిపోతుంది. అలా రెండు మజిలీలైతే పావు వంతు. డబ్బాల మధ్య మాటకే ప్రత్యేకంగా మూడో రేడియో ఉన్నవి కొంత నయం, కాని గోడ వాటికీ గోడే.

"అయితే ఇంకో డబ్బా కొని మధ్యలో పెడితే సరి కదా మాస్టారూ" అని టీ తాగేటప్పుడు ఒక సోదరి అడిగారు. అమ్మా, అది ఇంకో మజిలీ పెంచడమే అవుతుంది. కొనాల్సింది డబ్బా కాదు, తీగ. వీధి గది నుంచి వెనక గదికి ఒక్క తీగ లాగితే ఆ డబ్బాకి గాలి దారి అవసరం పూర్తిగా పోతుంది. దాని రేడియో మొత్తం మీ ఫోను కోసమే మిగులుతుంది. కొత్త డబ్బా ఖరీదులో తీగ ఖర్చు చిన్న వంతు. తీగతో వేసే ఈ దారినే వైర్డ్ బ్యాక్‌హాల్ అంటున్నారు.

మన టెలిఫోను వాళ్ళకి ఇది కొత్త కాదు. సెల్ టవరు చూడండి. ఫోను నుంచి టవరు దాకా గాలి. టవరు నుంచి ఎక్స్ఛేంజికి నేలలో ఫైబరో, మైక్రోవేవ్ డిష్షులో ఉండి తీరాలి. ఆ దారి లేకపోతే మన్యంలో కొండ మీద టవరు నిలబెట్టినా అది దీపస్తంభంతో సమానం. రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పథకం కోసం కరెంటు స్తంభాల మీద సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ కట్టి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా జాతికి అంకితం చేసింది కూడా ఆ వెనక దారి కోసమే. రాష్ట్రానికి ఏది అవసరమైందో మీ ఇంటికీ అదే అవసరం, కొలత మాత్రం ముప్పై నలభై గజాలు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. 1971లో హవాయి దీవుల్లో, దీవి నుంచి దీవికి కంప్యూటర్లు రేడియోలో మాట్లాడుకునే ఏర్పాటు చేశారు. దాని పేరు అలోహా. అందులోని ఆలోచన తీసుకుని 1973లో అమెరికాలో జెరాక్స్ వారి పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ అనే ఆయన దాన్ని తీగలోకి దింపాడు. అదే ఈథర్నెట్. అంటే గాలిలో పుట్టిన పద్ధతి తీగలోకి వచ్చాక స్థిరపడింది. ఇక ఆ తీగలో జతలు జతలుగా మెలిపెట్టి ఉండటం చూసి మీరు కొత్త విద్య అనుకుంటారేమో. పక్క తీగల గోల లోపలికి రాకుండా జతను మెలిపెట్టే ఉపాయానికి 1881లోనే పేటెంటు తీసుకున్నవాడు టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్. నా సర్వీసులో నేను ముట్టుకున్న ప్రతి కేబుల్లోనూ ఆ మెలిక ఉంది.

ఇక పనిలోకి వద్దాం.

షాపులో క్యాట్-6 అని అడగండి. ఇల్లు మరీ పెద్దది కాకపోతే క్యాట్-5ఈ అయినా చాలు, రెండూ నూరు మీటర్ల దాకా గిగాబిట్ వేగం మోస్తాయి. మన ఇంట్లో నూరు మీటర్ల దూరం ఎక్కడుంది? అసలు జాగ్రత్త వేరే ఉంది. లోపల అల్యూమినియం పెట్టి పైన రాగి పూత పూసిన తీగ చవగ్గా అమ్ముతున్నారు, పెట్టె మీద సి.సి.ఎ. అని ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా మెరిస్తే తిరిగి ఇచ్చెయ్యండి. అది నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది, మన సముద్రపు గాలికి కొసలు త్వరగా పాడవుతాయి. సంగీతం నేర్చుకునేవాడు బొబ్బిలి వీణ అడిగి తీసుకున్నట్టు మీరు పూర్తి రాగి అని అడిగి తీసుకోండి.

తీగ నడిపే దారి గురించి చాలామందికి బెంగ. గోడలు పగలగొట్టాలా అని. అక్కరలేదు. పది పదిహేనేళ్ళ కిందట ఇంట్లో టెలిఫోను ఉన్నవాళ్ళు ముందు ఆ పాత తీగ ఎటు పోయిందో చూడండి. ఆ తీగ ఒకటో రెండో జతలది, ఈ పనికి చాలదు. గిగాబిట్‌కి నాలుగు జతలు కావాలి. కాని అది గోడలోని పైపులోంచి వెళ్ళి ఉంటే అదే మీ అదృష్టం. దాని కొసకి కొత్త తీగ గట్టిగా కట్టి, టేపు చుట్టి, అవతలి వైపు నుంచి పాతది మెల్లిగా లాగితే కొత్తది దాని వెంట వచ్చేస్తుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఇవతల తోస్తూ ఉండాలి. ఆలుమగలు ఇద్దరూ కలిసి చెయ్యదగ్గ పని, కాకపోతే ఆ గంటసేపు మాటా మాటా అనుకోకుండా ఉండాలి.

పైపు లేకపోతే గోడ వెంట ప్లాస్టిక్ కేసింగు పట్టీలో నడపండి. గుమ్మాల పైనుంచి తీసుకుపోతే కాలికి తగలదు, ఊడ్చేటప్పుడు అడ్డురాదు. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం దీన్ని దూర్చకండి. ఎలక్ట్రీషియను "ఏం ఫర్వాలేదు బాబూ" అంటాడు, ఒప్పుకోకండి. ఇన్సులేషను చితికితే డబ్బాలోకే కాదు, మీ చేతిలోకీ కరెంటు వస్తుంది. కరెంటు లైనుకి జానెడు ఎడం ఉంచండి. దాటక తప్పని చోట అడ్డంగా, మూలమట్టంగా దాటించండి. వాకిట్లో ఎండ తగిలే చోట నల్ల తొడుగున్న బయటి రకం తీగ వాడాలి. ఇంట్లో వాడే తీగ తొడుగు ఎండకి పెళుసెక్కి బీటలిస్తుంది. గోడకి కన్నం బయటివైపు కొంచెం కిందికి వాలేటట్టు వేయించి, తీగని లోపలికి పంపే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, గదిలోకి రాదు.

కొసలకి జాకులు బిగించడానికి ప్రత్యేకమైన ప్లయరు ఉంటుంది. మీ వీధిలో సి.సి. కెమెరాలు పెట్టే కుర్రాళ్ళ దగ్గర అది ఉంటుంది, వాళ్ళకి ఇది పది నిమిషాల పని. రంగుల వరస రెండు కొసలా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జాకు దగ్గర మెలిక అరంగుళం కంటే ఎక్కువ విప్పనివ్వకండి. టెస్టరు పెట్టి ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయో లేదో మీ కళ్ళతో చూసి అప్పుడు డబ్బులివ్వండి.

డబ్బాల వరస చాలా ముఖ్యం. వీధి గదిలో కంపెనీ వాళ్ళు పెట్టిన ఫైబరు మోడెం ముందు. దాని నుంచి చిన్న తీగ మెష్ పెద్ద డబ్బాకి. పెద్ద డబ్బాకి ఉన్న రెండో కన్నం నుంచి పొడుగాటి తీగ వెనక గది డబ్బాకి. ఇంకా గదులుంటే పెద్ద డబ్బా తరవాత ఒక గిగాబిట్ స్విచ్చి పెట్టి అక్కణ్ణించి పంచండి. స్విచ్చిని మోడెంకీ పెద్ద డబ్బాకీ మధ్యన పెడితే వెనక డబ్బాలు పెద్ద డబ్బాని దాటి నేరుగా మోడెంతో సంబంధం పెట్టుకుని, ఇల్లంతా రెండు కాపురాలవుతుంది. ఒకే డబ్బాకీ స్విచ్చికీ మధ్య రెండు తీగలు పెట్టడం కూడా వద్దు. సమాచారం గానుగెద్దులా అక్కడే తిరిగి అన్నీ ఆగిపోతాయి.

ఇంకొకటి. మోడెంకి సొంత వైఫై ఉంటుంది, దాన్ని ఆపించెయ్యండి. లేకపోతే ఫోను పాత పేరునే పట్టుకు వేలాడుతుంది. మోడెం కూడా రూటరు పనే చేస్తూ, మెష్ కూడా అదే చేస్తూ ఉంటే కొన్ని పనులకు చిక్కు. మోడెంను బ్రిడ్జి పద్ధతిలో పెట్టమని కంపెనీ వాళ్ళని అడగండి. వాళ్ళు కుదరదంటే మెష్ యాప్‌లో యాక్సెస్ పాయింట్ అనే పద్ధతి ఎంచుకోండి. రెండిట్లో ఏదో ఒకటి చాలు.

కొత్త డబ్బాల్ని మొదట వీధి గదిలోనే పక్కపక్కన పెట్టి, యాప్‌లో జత కలిపి, తరవాత వాటి వాటి గదుల్లోకి తీసుకెళ్ళి తీగ గుచ్చండి. రెండు మూడు నిమిషాలాగి యాప్‌లో చూస్తే ఆ డబ్బా ఎదురుగా వైర్డ్ అనో, ఈథర్నెట్ అనో కనబడాలి. వైర్‌లెస్ అనే ఉంటే తీగ పని చెయ్యడం లేదని అర్థం. వేగం 1000 అని చూపించాల్సిన చోట 100 అని చూపిస్తే ఒక జత ఎక్కడో తెగింది, లేదా జాకు సరిగా కూర్చోలేదు. స్విచ్చి కొనేటప్పుడు కూడా గిగాబిట్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

విజయనగరం పాతపట్నంలో ఒక మిత్రుని ఇల్లు ఇలా చేశాం. ఆయన తల్లిగారు వెనక గదిలో ఉంటారు. పిల్లలు పంపిన మూడు డబ్బాలూ ఉన్నాయి, గీతలూ నిండుగా ఉన్నాయి, వీడియో నిలిచేది కాదు. పాత టెలిఫోను పైపులోంచి తీగ లాగాం, సగం దినం పట్టింది. అయ్యాక కొలిచి చూస్తే వీధి గదిలో ఎంత వేగమో వెనక గదిలోనూ అంతే. నడిమి గదిలోని డబ్బా ఇక అవసరమే లేకపోయింది. దాన్ని తీసి మేడ మీద పెట్టారు. ఆ నవంబరులో ఆమె మంచం మీదనే కూర్చుని ముఖం చూపించారు. కళ్ళు ఆర్పమని ఫోను చెబుతుంటే, "ఎన్నిసార్లర్రా" అని విసుక్కున్నారట.

ఇలాంటి ఇల్లు ఉన్న ప్రతివారూ మెష్ కొనాలని నేననను. వీధి గది కాక ఒక్క గదికే కావలసి వస్తే, ఇంట్లో మూలనపడ్డ పాత రూటరును యాక్సెస్ పాయింట్‌గా మార్చి తీగ కొసన పెడితే పని జరిగిపోతుంది. అయితే నాలుగైదేళ్ళుగా కంపెనీ అప్‌డేట్లు ఇవ్వని రూటరు వద్దు.

ఇప్పుడు పిడుగుల సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం గనక దయచేసి శ్రద్ధగా వినండి. ఒకే కప్పు కింద ఉన్న గదుల మధ్య రాగి తీగ ఫర్వాలేదు. కాని పెరట్లో విడిగా కట్టిన గదికో, పక్కింట్లో ఉన్న తమ్ముడికో ఆరుబయట గాలిలో రాగి తీగ కట్టకండి. దగ్గర్లో పిడుగు పడితే చాలు, ఆ తీగలోకి ఒత్తిడి వచ్చి రెండు వైపులా డబ్బాలు మాడిపోతాయి, తీగ ముట్టుకున్నవాడికీ ప్రమాదం. రెండు కట్టడాలకీ ఎర్తింగు వేరువేరుగా ఉంటుంది గనక పిడుగు లేకపోయినా చిక్కే. అలాంటి చోట ఫైబరు వెయ్యండి. గాజు పోగులో కరెంటు పోదు. రెండు కొసలా మీడియా కన్వర్టరు అనే చిన్న పెట్టె చెరొకటి పెడితే సరి. ఆ ఫైబరుకి బలం కోసం పక్కన ఉక్కు తీగ ఉంటే దాన్ని గోడ బయటే కత్తిరించి కట్టాలి, ఇంట్లోకి తీసుకురాకూడదు. ఫైబరును మరీ మడత పెడితే లోపల విరుగుతుంది, చెంబు అంచు చుట్టినంత వంపు కంటే తగ్గించకండి. ఉరుములు మొదలైతే ప్లగ్గులూ, రాగి తీగ జాకులూ ముందే తీసెయ్యడం మంచిది. నెత్తిమీద ఉరుముతున్నప్పుడు మాత్రం వాటి జోలికి పోవద్దు.

తుపాను మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు ఎలా పడ్డాయో మీలో చాలామంది అనుభవించారు. స్తంభం మీది ఫైబరు స్తంభంతోనే పడుతుంది. అప్పుడు ఇంట్లో మనం ఎంత బాగా తీగ లాగినా ప్రయోజనం లేదు. అందుకని ఇంకో కంపెనీ సిమ్ము ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మామూలు కరెంటు కోతకైతే మోడెంకి, పెద్ద డబ్బాకి, వెనక గది డబ్బాకి మూడిటికీ బ్యాటరీ ఉండాలి. ఒక్కటి ఆరినా దారి తెగినట్టే. ఎక్కువ మోడెంలు 12 వోల్టులవి. వాటికి సరిపోయే చిన్న యు.పి.ఎస్.లు దొరుకుతాయి. డబ్బా అడుగున వోల్టులూ ఆంపియర్లూ చదివి రాసుకుని షాపుకి వెళ్ళండి. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు ఆ మూడు ప్లగ్గులూ ఇన్వర్టరు లైనులోవేనా అని ఎలక్ట్రీషియను చేత చూపించుకోండి. వెనక గది ప్లగ్గు చాలా ఇళ్ళల్లో ఇన్వర్టరు మీద ఉండదు.

బయట వరండాలో బల్ల మీద రాగి తీగ ముక్కా, అల్యూమినియం తీగ ముక్కా పక్కపక్కన పెట్టాను, గీరి చూసుకోవడానికి బ్లేడు కూడా ఉంది. ఒక ప్లయరు, టెస్టరు, పాతిక జాకులు తెచ్చాను. మీ ఇంటి పటం ఒక కాగితం మీద గీసుకుని, మోడెం ఎక్కడుందో, పెద్దవాళ్ళు ఏ గదిలో ఉంటారో గుర్తు పెట్టి తీసుకొస్తే, భోజనాలయ్యాక ఒక్కొక్కరికీ తీగ ఎటు నుంచి ఎటు లాగాలో కూర్చుని చూద్దాం.